ప్రాగ్‌లో మూడు రోజులు: ఏ టైముకి ఎక్కడ ఉండాలో చెప్పే పూర్తి ప్లాన్

నేనుండేది డ్రెస్డెన్‌లో. రైలెక్కితే రెండున్నర గంటల లోపే ప్రాగ్‌లో దిగుతాం, అందుకని ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తుంటాను, ఇప్పటికి ఐదుసార్లయింది. మొదటిసారి మాత్రం ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగు రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ పెట్టుకున్నాం. చార్లెస్ బ్రిడ్జి మీదకి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి చేరాం. తిరునాళ్ళలో నడిచినట్టు ఒకరి భుజం ఒకరికి తగులుతూ ఇటు నుంచి అటు దాటామే తప్ప కింద నది ఉందన్న సంగతి కూడా పట్టలేదు. రెండేళ్ళ తర్వాత మే నెలలో అమ్మానాన్నని తీసుకుని అదే బ్రిడ్జి మీదకి తెల్లవారుజామున ఐదున్నరకి వెళ్తే అక్కడ మేం ముగ్గురం, కెమెరా స్టాండు పెట్టుకున్న ఒకాయన, నీళ్ళ మీద హంసలు, అంతే. నాన్న గట్టు మీద చెయ్యి వేసి అరగంట నిలబడిపోయారు.

అప్పటి నుంచి ఎవరైనా ప్లాన్ అడిగితే నేను స్థలాల లిస్టు ఇవ్వను, టైములు ఇస్తాను. ప్రాగ్‌లో చూడాల్సినవి చాలావరకు నడక దూరంలోనే ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. మీరు ఏ గంటకి వెళ్తారన్నదాని మీదే ఆ చోటు మీకు దక్కుతుందా లేదా అన్నది ఉంటుంది. కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

1. ముందు నెల, రోజులు తేల్చుకోండి

మూడు పూర్తి రోజులు, కుదిరితే నాలుగు రాత్రులు. రెండు రోజులంటే పరుగు, ఐదు రోజులుంటే చుట్టుపక్కల ఊళ్ళు కూడా చూడొచ్చు. ఇంత దూరం వచ్చాం కదా అని వియన్నాని కూడా అదే మూడు రోజుల్లో ఇరికించకండి. రైలు ప్రయాణమే ఒక వైపుకి నాలుగు గంటలు, పైన హోటలు ఖాళీ చేయడం, సామాను మోయడం, మళ్ళీ కొత్త ఊళ్ళో టికెట్ల గొడవ, అన్నీ కలిపి ఒక రోజు ఎగిరిపోతుంది.

నెలల్లో నా ఓటు మే, సెప్టెంబరులకి. జులై, ఆగస్టుల్లో వెలుగు రాత్రి దాకా ఉంటుంది కానీ జనం విపరీతం. డిసెంబరులో ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో క్రిస్మస్ మార్కెట్ చాలా బాగుంటుంది. అప్పుడు సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది కాబట్టి బయట చూడాల్సినవన్నీ మధ్యాహ్నంలోపు ముగించాలి. దానికో లాభమూ ఉంది: సూర్యోదయం ఎనిమిదికి కొంచెం ముందు కాబట్టి పిల్లల్ని నిద్ర చెడగొట్టకుండానే ఖాళీ బ్రిడ్జి చూపించొచ్చు.

2. వీసా, పేపర్లు

చెక్ రిపబ్లిక్ షెంగెన్ దేశమే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. జర్మనీలోనో ఇంకో షెంగెన్ దేశంలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి విడిగా వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల వరకు వెళ్ళి రావచ్చు. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ ఒరిజినల్స్ జేబులో ఉండాలి. ఫోన్లో ఫోటో ఉంది చాలు అనుకోకండి, సరిహద్దు దాటే రైళ్ళలో, బస్సుల్లో పోలీసులు అడిగిన రోజులు నేనే చూశాను.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు షార్ట్ స్టే వీసాకి అప్లై చేయాలి. ట్రిప్పులో ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, స్లాట్ త్వరగా దొరికిందని ఇంకో దేశం పేరు మీద వేస్తే ఇబ్బందుల్లో పడతారు. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు అని రూల్ ఉన్నా అంత దగ్గరగా పెట్టుకుంటే టెన్షనే, మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారుతుంటే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, ప్రాగ్‌లో కాదు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో షార్ట్ స్టే మీద వచ్చేవాళ్ళ ఫోటో, వేలిముద్రలు బార్డర్ దగ్గర తీసుకుంటున్నారు, కాబట్టి రెండు విమానాల మధ్య గంటన్నర గ్యాప్ ఉందిలే అని ధైర్యం చేయొద్దు. మూడు గంటలుంటే నిశ్చింత.

3. బస: ట్రామ్ 22 దారిలో చూసుకోండి

మొత్తం ప్లానులో నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇదే. అందరూ ఓల్డ్ టౌన్ మధ్యలో రూము వెతుకుతారు, అక్కడ అద్దె ఎక్కువ, రాత్రి రెండింటి దాకా బార్ల నుంచి వచ్చేవాళ్ళ కేకలు. దాని బదులు వినోహ్రాడీ అనే పేటలో నామ్యెస్తీ మీరు స్టేషన్ చుట్టుపక్కల చూడండి. చెట్ల నీడ ఉన్న వీధులు, పాత నాలుగైదు అంతస్తుల ఇళ్ళు, మంచి బేకరీలు, పక్కనే సూపర్ మార్కెట్. ఆకుపచ్చ రంగు ఏ లైన్ మెట్రో అక్కడ ఆగుతుంది, దాంతో ఓల్డ్ టౌన్‌కి పది నిమిషాల్లోపే. ఇంకా ముఖ్యం, ట్రామ్ 22 ఆ స్టేషన్ ముందు నుంచే వెళ్తుంది, నది దాటి, కోట కింద ఉన్న మాలా స్ట్రానా అనే పేట మీదుగా కోట ఉన్న కొండ మీదకి నేరుగా ఎక్కిస్తుంది. పెద్దవాళ్ళు ఉంటే ఈ ఒక్క ట్రామ్ వాళ్ళ మోకాళ్ళని కాపాడుతుంది.

బుక్ చేసేముందు లిఫ్టు ఉందో లేదో అడగండి. పాత బిల్డింగుల్లో లేనివి చాలా ఉన్నాయి. వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం వండుకోవచ్చు, మన పొడులు, పచ్చళ్ళు ఎలాగూ సూట్‌కేసులో ఉంటాయి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టకండి, పాలు, మాంసంతో చేసినవేవీ ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేవడానికి లేదు.

4. చేరడం

డ్రెస్డెన్ లేదా బెర్లిన్ వైపు నుంచి రైల్లో వస్తే ఎడమ కిటికీ సీటు బుక్ చేసుకోండి. డ్రెస్డెన్ దాటాక ఎల్బే నది మీ పక్కనే, ఇసుకరాతి కొండల మధ్య నుంచి, చాలాసేపు వెంట వస్తుంది. బెర్లిన్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. దిగాల్సింది ప్రాహా హ్లవ్నీ నాద్రజీ, అంటే మెయిన్ స్టేషన్. చెక్ భాషలో ఊరి పేరు ప్రాహా. ప్రాగ్‌లో వేరే స్టేషన్లలో కూడా ఇవే రైళ్ళు ఆగుతాయి, ప్రాహా అని బోర్డు కనపడగానే కంగారుపడి దిగిపోవద్దు.

విమానంలో వస్తే వాత్స్‌లావ్ హావెల్ ఎయిర్‌పోర్టు. అక్కడికి మెట్రో లేదు. 59వ నంబరు ట్రాలీబస్సు ఎక్కితే నాద్రజీ వెలెస్లావీన్ దగ్గర దింపుతుంది, అక్కడ ఏ లైన్ మెట్రో పట్టుకుంటే రూము ఉన్న నామ్యెస్తీ మీరుకి మారకుండా వెళ్ళిపోవచ్చు.

5. డబ్బు విషయంలో జాగ్రత్త

చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా డబ్బు యూరో కాదు, కొరునా. యూరోకి 24, 25 కొరునాలు వస్తాయని లెక్క పెట్టుకోండి. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. కార్డు మెషీన్ యూరోల్లో తీసుకోవాలా, కొరునాల్లోనా అని అడిగితే ఎప్పుడూ కొరునాలే నొక్కండి, యూరో నొక్కితే రేటు వాళ్ళిష్టం.

నోట్లు కావాలంటే బ్యాంకు ఆనుకుని ఉన్న ఏటీఎం వాడండి. మొదటి ట్రిప్పులో మేము ఓల్డ్ టౌన్‌లో ఒక ఎక్స్‌చేంజ్ కౌంటర్‌లో 100 యూరోలు మార్చి, బయటికొచ్చి లెక్కపెట్టుకుంటే రావాల్సిన దానికంటే బాగా తక్కువ ఉంది. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసిన రేటు వాళ్ళు అమ్మే రేటట. అప్పుడు నోరుమూసుకుని వచ్చేశాం. మీకు అలా జరిగితే వదిలేయకండి: 2019లో వచ్చిన చట్టం ప్రకారం 1,000 యూరోల లోపు మార్పిడి అయితే మూడు గంటల్లోపు రసీదు పట్టుకెళ్ళి రద్దు చేయమనే హక్కు మీకుంది, వాళ్ళు మీ డబ్బు మీకు తిరిగివ్వాల్సిందే. అందుకే రసీదు జాగ్రత్త. ఇక రోడ్డు మీద పక్కకి పిలిచి మంచి రేటు ఇస్తానన్నవాడి దగ్గర ఆగనే ఆగొద్దు, చెల్లని వేరే దేశం నోట్లు చేతిలో పెట్టి పోతారు.

6. ట్రామ్, మెట్రో టికెట్

మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్. మూడు రోజులకి 72 గంటల టికెట్ కొనేస్తే ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు, ఎయిర్‌పోర్టు ట్రాలీబస్సుకీ అదే చెల్లుతుంది. మెట్రోలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, కానీ మఫ్టీలో చెకింగ్ వాళ్ళు తిరుగుతారు. కాగితం టికెట్ మొదటిసారి వాడేటప్పుడు పసుపు పెట్టెలో పెట్టి స్టాంపు కొట్టించాలి, ఒక్కసారి చాలు. స్టాంపు లేకపోతే టికెట్ కొన్నా లేనట్టే లెక్క, జరిమానా కట్టాలి. పీఐడీ లీతాచ్కా యాప్‌లో కొంటే ఎక్కడానికి కొన్ని నిమిషాల ముందే యాక్టివేట్ చేసుకోండి.

7. ఇక రోజుల లెక్క

చేరిన రోజు సాయంత్రం లెట్నా పార్కుకి వెళ్ళండి, ఇంకేం పెట్టుకోకండి. వల్తావా నది వంపు తిరిగే చోట ఎత్తైన గట్టు మీద ఉంటుంది, ఒకదాని వెనక ఒకటిగా వంతెనలన్నీ కనిపిస్తాయి. సూర్యుడు దిగేముందు గంట, దిగాక అరగంట ఉండండి. ఒకప్పుడు అక్కడ స్టాలిన్‌ది పేద్ద విగ్రహం ఉండేది, 1955లో పెట్టి 1962లో పెట్టినవాళ్ళే పేల్చేశారు, ఇప్పుడు ఆ దిమ్మె మీద ఎర్రటి మెట్రోనోమ్, అంటే సంగీతంలో తాళం కొలిచే సాధనం, ఊగుతుంటుంది. నది వైపు నుంచి ఎక్కితే మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్ళతో అయితే ట్రామ్‌లో లెటెన్‌స్కే నామ్యెస్తీ దాకా వెళ్ళి అక్కడి నుంచి చదునుగా నడవండి.

మొదటి పూర్తి రోజు తెల్లవారగానే చార్లెస్ బ్రిడ్జి. ఓల్డ్ టౌన్ వైపు నుంచి మొదలుపెట్టి కోట వైపు నడవండి, సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుగు కోట మీద పడుతుంది. నాలుగవ చార్లెస్ రాజు 1357లో మొదలుపెట్టించిన వంతెన ఇది, అరకిలోమీటరు పొడవు, 16 కమాన్లు, రెండు వైపులా 30 విగ్రహాలు. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడ కథగా చెప్పుకుంటారు. రాజ్యంలోని ఊళ్ళన్నీ గుడ్లు పంపాలని ఆజ్ఞ వస్తే వెల్వారీ అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట. విగ్రహాల్లో యాన్ నెపోముక్‌ని వెతకండి, 1393లో అప్పటి రాజు ఈ మతగురువుని ఈ వంతెన మీద నుంచే నదిలో పారేయించాడు. పగలు ఆ విగ్రహం పలకని తాకడానికి క్యూ ఉంటుంది, పొద్దున్న అయితే ఒక్కరే నిలబడి తీరిగ్గా చూడొచ్చు.

అక్కడి నుంచి మాలా స్ట్రానాలో టిఫిన్ చేసి, ట్రామ్ 22 ఎక్కి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపు కాకుండా ఇంకొంచెం పైకి, పొహొర్జెలెత్స్ దాకా వెళ్ళండి. కోటకి అది పైవైపు, అక్కడ దిగితే ఇక దారంతా పల్లమే. పక్కనే స్ట్రాహోవ్ మఠం దగ్గర ఊరంతా కనిపించే చోటు ఉంది. భవనాలు తొమ్మిదింటికి తెరుస్తారు, ఆ టైముకి సెక్యూరిటీ చెకింగ్ దాటి లోపలుండాలి. పదిన్నరకి టూరు బస్సులవాళ్ళు దిగుతారు. ముందు సెయింట్ వీటస్ కెథీడ్రల్ చూసేయండి, మిగతావి తర్వాత. ఆదివారమైతే పొద్దున్న ప్రార్థనలుంటాయి, టూరిస్టుల్ని మధ్యాహ్నం నుంచే రానిస్తారు, కాబట్టి కోటకి ఆదివారం వద్దు.

ఈ కెథీడ్రల్ 1344లో మొదలై 1929లో పూర్తయింది. పునాది వేసినవాళ్ళ పేర్లు కూడా మర్చిపోయేంత కాలం. ఎడమవైపు మూడో కిటికీ దగ్గర ఆగండి, చెక్ చిత్రకారుడు ఆల్ఫోన్స్ ముఖా గీసిన రంగు అద్దాలు, పొద్దుటి వెలుగులో వాటి ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. దక్షిణ గోపురం ఎక్కాలంటే 287 మెట్లు, ఇరుకు మెలికల మెట్లు, ఓపిక ఉన్నవాళ్ళే. పాత రాజభవనంలో వ్లాదిస్లావ్ హాలు చూసినప్పుడు దాని పక్కన మెట్లు ఎందుకంత వెడల్పుగా, వాలుగా ఉన్నాయో గమనించండి: పోటీల కోసం గుర్రాల్ని ఆ మెట్ల మీదుగా హాల్లోకి ఎక్కించేవాళ్ళు. 1618లో ఇద్దరు అధికారుల్ని, వాళ్ళ కార్యదర్శిని కిటికీలోంచి బయటికి తోసేసింది ఈ భవనంలోనే, దాంతోనే ముప్పై ఏళ్ళ యుద్ధం రాజుకుంది, లక్షలమంది మామూలు జనం చచ్చిపోయారు. గోల్డెన్ లేన్‌లో 22వ నంబరు చిన్న నీలం ఇంట్లో ఫ్రాంజ్ కాఫ్కా కొన్నాళ్ళు కూర్చుని రాసుకున్నాడు. టికెట్ రెండు రోజులు చెల్లుతుంది, అలిసిపోతే మిగిలింది రేపు. కోట ఆవరణలో తిరగడానికైతే టికెట్టే అక్కర్లేదు. తూర్పు వైపు పాత మెట్ల దారిలో దిగితే మాలోస్ట్రాన్‌స్కా స్టేషన్ వస్తుంది, మధ్యాహ్నం రూముకి పోయి ఒక కునుకు తీయండి. నిజంగా చెబుతున్నాను, సాయంత్రం మళ్ళీ నడవాలంటే ఆ రెండు గంటలూ కావాలి.

రెండో రోజు ఎనిమిదింటికి ఓల్డ్ టౌన్ స్క్వేర్. ఇక్కడి ఖగోళ గడియారం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాన్ని చూసి "ఇంతేనా" అని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట కొట్టినప్పుడల్లా క్రీస్తు పన్నెండుమంది శిష్యుల బొమ్మలు కిటికీల్లో తిరుగుతాయి, అస్థిపంజరం గంట లాగుతుంది, నిమిషం కూడా పట్టదు. జనమంతా దాని కోసమే తలెత్తి చూస్తుంటే జేబుదొంగలు పని చూసుకుంటారు. ఎనిమిదింటికి బొమ్మలుండవు, జనమూ ఉండరు, అప్పుడు ముఖం మీద ముళ్ళు చూడండి. 1410 నాటి యంత్రం అది, మన పంచాంగం చెప్పేవాటిలో చాలా సంగతులు చెబుతుంది: సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడు ఎక్కడ, పెరుగుతున్నాడా తగ్గుతున్నాడా, సూర్యోదయం, సూర్యాస్తమయం. బయటి వలయం పాత బొహీమియా పద్ధతిలో, సూర్యాస్తమయం నుంచి 24 గంటలు లెక్కపెడుతుంది. రాశుల చక్రంలో మేషం, వృషభం గుర్తులు మనకి సులువుగా తెలిసిపోతాయి. మన పంచాంగంతో పోల్చితే తేడా వస్తుంది, అక్కడ సూర్యుడు మార్చి 21 ప్రాంతంలోనే మేషంలోకి వస్తాడు, మన మేష సంక్రాంతి ఏప్రిల్ 14 ప్రాంతంలో. నాన్నకి ఇది చెప్పాక ఆయన అక్కడి నుంచి కదల్లేదు, తొమ్మిదింటికి బొమ్మలు కూడా చూసే కదిలాం.

అదే చోట నేల మీద రాళ్ళలో 27 తెల్ల శిలువలు వెతకండి, 1618లో మొదలైన ఆ తిరుగుబాటులో ఉన్న 27 మందిని 1621లో ఉరితీసి, తల నరికి చంపిన చోటది. ఎదురుగా రెండు నల్లటి గోపురాల టీన్ చర్చి, అందులో ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ సమాధి. టౌన్ హాల్ గోపురానికి లిఫ్టు ఉంది, పెద్దవాళ్ళు పైనుంచి చూడాలంటే ఇదే మంచిది.

అక్కడి నుంచి యోసెఫోవ్, పాత యూదుల పేట, ఐదు నిమిషాల నడక. శనివారం, యూదుల పండగల్లో మూసేస్తారు, ఇది చూసుకునే రోజులు సర్దుకోండి. పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) గోడల నిండా నాజీలు చంపేసిన చెక్ యూదుల పేర్లు, దాదాపు 78,000, చేతితో రాసినవి. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధంలో పిల్లలు గీసిన బొమ్మలు. ఇక్కడ ఫోటోల గురించి ఆలోచించకండి, తొందరపడకండి, దీని తర్వాత గంటసేపు ఏమీ పెట్టుకోకండి. మేము నది ఒడ్డున ఊరికే కూర్చున్నాం.

మధ్యాహ్నం తర్వాత వెన్సెస్లాస్ స్క్వేర్. 1969లో సోవియట్ ఆక్రమణకి నిరసనగా యాన్ పలాహ్ అనే విద్యార్థి ఒంటికి నిప్పంటించుకున్నది, 1989లో లక్షలమంది చేరి ప్రభుత్వాన్ని దించేసింది ఇక్కడే. ఆ వీధిలోనే బాటా వాళ్ళ పాత అద్దాల భవనం ఉంది. బడికి వేసుకెళ్ళిన ఆ బాటా బూట్లు చెక్ కంపెనీవే, జ్లీన్ అనే ఊళ్ళో 1894లో పుట్టింది, అమ్మ ఇది విని నమ్మలేదు. బూట్ల మాటొచ్చింది కాబట్టి: ఊరంతా గుండ్రాళ్ళు పరిచిన వీధులు, పల్చటి చెప్పులతో ఒక్క రోజు కూడా నడవలేరు, బాగా అలవాటైన బూట్లే వేసుకోండి.

మూడో రోజు విషెహ్రాద్. సీ లైన్ మెట్రో, అదే పేరుగల స్టేషన్. నది మీద పాత కోట గోడలు, పార్కు, పదకొండో శతాబ్దపు చిన్న గుండ్రటి చర్చి, సంగీతకారుడు ద్వోర్జాక్ సమాధి. లోపల తిరగడానికి టికెట్ లేదు, తోపులాట లేదు, ఏ టైముకి వెళ్ళినా బాగుంటుంది కాబట్టే దీన్ని చివరికి పెట్టాను.

8. తిండి

పని రోజుల్లో పదకొండు నుంచి రెండింటి దాకా ఆఫీసులవాళ్ళ కోసం మధ్యాహ్నం మెనూ పెడతారు, వేడిగా ఉంటుంది, చవక. ఓల్డ్ టౌన్ స్క్వేర్ చుట్టూ తినకండి, రెండు వీధులు అవతలికి వెళ్ళినా బిల్లు బాగా తగ్గుతుంది. గులాష్, స్వీచ్‌కొవా అని ఎక్కడ చూసినా ఉంటాయి, అవి ఎక్కువగా గొడ్డుమాంసంతో చేసేవి. తిననివాళ్ళు మెనూలో ఈ మాటలు గుర్తుపెట్టుకోండి: హొవ్యెజీ అంటే గొడ్డుమాంసం, వెప్ర్జొవే పంది, కుర్జెత్సీ కోడి. శాకాహారులు "బెజ్ మసా" అనండి, మాంసం లేకుండా అని. మన మాంసం, వాళ్ళ మసొ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, అందుకే ఇట్టే గుర్తుంటుంది. స్మజెనీ సీర్ అంటే చీజ్ ముక్కకి పొడి అద్ది వేయించింది, బ్రాంబొరాక్ అంటే బంగాళదుంప తురుముతో వెల్లుల్లి వేసి కాల్చిన అట్టు, అమ్మకి ఇది బాగా నచ్చింది. సూపుల్లో మాంసం మరిగించిన నీళ్ళు వాడతారు, అడిగే తీసుకోండి. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, సీసా వెంట పెట్టుకోండి. బిల్లుకి పది శాతం దాకా టిప్పు కలపడం అలవాటు. పబ్లిక్ టాయిలెట్లకి చిల్లర కావాలి, పది, ఇరవై కొరునాల నాణేలు విడిగా ఉంచుకోండి.

చివరి రోజు రూము ఖాళీ చేశాక సామాను మెయిన్ స్టేషన్లో పెట్టేసి, చేతులూపుకుంటూ ఇంకోసారి ఏ చోటు చూడాలనిపిస్తే అక్కడికి వెళ్ళండి. డ్రెస్డెన్ వైపు తిరుగు రైలు అయితే నది ఈసారి కుడివైపు వస్తుంది, సీటు అటు బుక్ చేసుకోండి.